200 కి.మీ. సైకిల్ రైడ్లకు ప్యాడెడ్ షార్ట్స్ ఎలా ఎంచుకోవాలి? జెల్ ప్యాడ్ మందంగా ఉంటే మంచిదేనా?

మీరు మొదటి 200 కి.మీ. బ్రెవేకి (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి) సిద్ధమవుతున్నానని, ఇప్పుడున్న షార్ట్స్‌తో 70 కి.మీ. దాటాక తిమ్మిరెక్కి కూర్చోలేకపోతున్నానని రాశారు. షాపులో "ఇంకా మందం ఉన్న జెల్ ప్యాడ్ తీసుకోండి" అన్నారట. లోపల డ్రాయర్ వేసుకోవాలా వద్దా అని కూడా అడిగారు. ముందు ఆ జెల్ సంగతి తేల్చేద్దాం. కొనకండి.

షాపులో నిలబడి వేలితో నొక్కితే జెల్ ప్యాడ్ చాలా హాయిగా అనిపిస్తుంది. సైకిల్ మీద కూర్చున్నాక కథ మారిపోతుంది. మెత్తటి జెల్ అయినా, సాంద్రత తక్కువున్న ఫోమ్ అయినా బరువు పడగానే పక్కలకు జరిగిపోతుంది. కూర్చునే ఎముక నేరుగా అడుక్కి దిగుతుంది. పక్కకు జరిగిన సరుకంతా కాళ్ల మధ్యకు, గజ్జల్లోకి ఉబ్బుకొస్తుంది. నరాలు, రక్తనాళాలు ఉండేది సరిగ్గా అక్కడే. మీ తిమ్మిరికి కారణం ఇదే కావచ్చు. పైగా జెల్ గుండా గాలి ఆడదు, చెమట బయటికి పోదు. మన ఎండల్లో అది ఇంకో బాధ.

మందం బదులు సాంద్రత చూడండి. దాన్ని ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని చెబుతారు. లాంగ్ రైడ్లకోసం చేసిన ప్యాడ్లలో ఎముకల కింద పడే భాగంలో 80 నుంచి 120 వరకు ఉంటుంది, చుట్టూ ఉన్న భాగం అంతకంటే మెత్తగా ఉంటుంది. మంచి కంపెనీలు ఈ అంకె రాస్తాయి, లేదా ఈ ప్యాడ్ ఎన్ని గంటల రైడ్‌కి పనికొస్తుందో రాస్తాయి. మీరు చూడాల్సింది ఆరు గంటలు, ఆపైన అని రాసినవి. చాలా బ్రాండ్లు ప్యాడ్‌ని సొంతంగా తయారుచేసుకోవు, ఎలాస్టిక్ ఇంటర్‌ఫేస్ లాంటి ఇటలీ కంపెనీల దగ్గర కొని కుట్టిస్తాయి. అందుకని బయటి బ్రాండ్ పేరుకంటే లోపలి ప్యాడ్ ఏదో అడగడం తెలివైన పని.

అంకె ఎక్కడా రాయకపోతే చేత్తో తేల్చుకోవచ్చు. షార్ట్స్‌ని తిరగేసి, ప్యాడ్ వెనకభాగంలో అన్నిటికన్నా మందంగా ఉన్నచోట బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి బలమంతా పెట్టి నొక్కండి. వేళ్లు రెండూ తగులుకున్నట్టు అనిపిస్తే ఆ ప్యాడ్ మీ బరువు ముందు నిలవదు. మంచి ఫోమ్ అయితే మొదట కొంచెం లొంగుతుంది, తర్వాత ఎదురు తిరుగుతుంది. పది సెకన్లు అలాగే నొక్కిపట్టి వదలండి. గుంట వెంటనే పూడాలి. తర్వాత ప్యాడ్ అంచు చూడండి. మందం మధ్య నుంచి అంచుకు క్రమంగా తగ్గుతూ రావాలి. అంచు మెట్టులా టక్కున ఆగిపోతే అది తొడ లోపలివైపు గీసుకుంటుంది. చివరగా మణికట్టు లోపలివైపు చర్మాన్ని కుట్ల మీద ముందుకీ వెనక్కీ రుద్దండి. అక్కడ ఏమాత్రం గరుకు తగిలినా, గజ్జల్లో అది పుండు చేస్తుంది.

ఎందుకంత కచ్చితంగా చెబుతున్నానంటే, లెక్క చూడండి. నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకు 4,800. తొమ్మిది గంటలు సీటు మీదుంటే 43,200 సార్లు మీ తొడ అదే కుట్టుకు రాసుకుంటుంది. అరగంట రైడ్‌లో తెలియని గరుకు ఇక్కడ చర్మం లేపేస్తుంది.

200 బ్రెవేకి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. తెల్లవారి ఆరింటికి బయల్దేరితే పదకొండింటికి 80, 90 కి.మీ. అవుతుంది. అప్పటికి ప్యాడ్ తడిసి ఉంటుంది. తడిలో నానిన చర్మం మెత్తబడుతుంది, మెత్తబడ్డ చర్మం తేలిగ్గా ఒరుసుకుపోతుంది. భోజనానికి ఆగి అరగంట కూర్చుంటే చెమట కొంత ఆరి ఉప్పు మిగులుతుంది. మళ్లీ ఎక్కగానే ఆ ఉప్పు, మెత్తబడ్డ చర్మం, కుట్టు మూడూ కలుస్తాయి. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే మంటకు అసలు కారణం ఇదీ. అప్పట్నుంచి మనిషి ఒక పక్కకి ఒరిగి కూర్చుంటాడు, దాంతో నడుమూ మోకాలూ కూడా పట్టేస్తాయి. బ్రెవే మధ్యలో ఆపేసినవాళ్లలో కాళ్లలో సత్తువ లేక ఆపినవాళ్లకంటే కూర్చోలేక ఆపినవాళ్లే ఎక్కువని నా గట్టి నమ్మకం.

డ్రాయర్ ప్రశ్నకు జవాబు: వేసుకోకూడదు. అస్సలు వద్దు. కాటన్ డ్రాయర్ చెమటను పీల్చి పట్టుకుంటుంది, దాని ఎలాస్టిక్, కుట్లు సరిగ్గా గజ్జల్లో పడతాయి. ప్యాడ్ చర్మానికి నేరుగా తగిలేలా తయారుచేసిన వస్తువు. మధ్యలో ఇంకో బట్ట పెడితే ఎన్ని వేలు పోసి కొన్నా దండగే.

పైన ట్రాక్ ప్యాంటు వేసుకోవడమూ అలాంటిదే. పల్లెటూళ్లో టీ కొట్టు ముందు దిగితే అందరూ చూస్తారని చాలామంది దాన్ని తొడుక్కుంటారు. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. కానీ నైలాన్ ప్యాంటు సీటు మీద జారుతుంది, లోపలి షార్ట్స్ ఇంకోలా కదులుతుంది, రెండింటి మధ్య మీ చర్మం నలుగుతుంది. అంతగా ఇబ్బందైతే పలచటి వదులు షార్ట్స్ ఒకటి జేబులో పెట్టుకుని, దిగాక తొడుక్కోండి. తొక్కేటప్పుడు వద్దు.

ఇక సైజు. ముందు మీ కూర్చునే ఎముకల మధ్య దూరం కొలవండి. అట్టపెట్టె ముక్క ఒకటి, లోపల గళ్లుగళ్లుగా ఉండే మందపాటి అట్ట, గట్టి స్టూలు మీదో మెట్టు మీదో వేసి పలచటి బట్టతో కూర్చోండి. ముందుకు వంగి మడమలు పైకెత్తి ఓ నిమిషం ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడిమి నుంచి నడిమికి స్కేలుతో కొలవండి. పెద్దవాళ్లలో సాధారణంగా 100 నుంచి 150 మి.మీ. మధ్య వస్తుంది. సీటు దానికంటే 20, 25 మి.మీ. వెడల్పుండాలి. షార్ట్స్‌లో గట్టి ఫోమ్ ఉన్న భాగం ఈ రెండు గుంటలనూ కప్పి, రెండు పక్కలా ఇంకా రెండేసి సెంటీమీటర్లు మిగలాలి. ఎముక గట్టి భాగం అంచు మీద పడితే ఎంత ఖరీదైన ప్యాడ్ అయినా నొప్పి పెడుతుంది.

ట్రయల్ రూములో అద్దం ముందు నిటారుగా నిలబడి నిర్ణయించుకోవద్దు. హ్యాండిల్ పట్టుకున్నట్టు నడుం వంచి, ఒక మోకాలు పైకెత్తి చూడండి. సరైన సైజు నిలబడితే బిగుతుగా, వంగితే హాయిగా ఉంటుంది. నిలబడ్డప్పుడే హాయిగా ఉన్నది సైకిల్ మీద వదులవుతుంది, వదులైన ప్యాడ్ ముడత పడుతుంది, ఆ ముడత దగ్గరే బొబ్బ లేస్తుంది. వంగినప్పుడు ప్యాడ్‌కీ ఒంటికీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉన్నా చిన్న సైజు అడగండి. తొడ దగ్గరి సిలికాన్ పట్టీ గాడిలా దిగబడితే మాత్రం ఆ మోడల్ మీకు కుదరదు, పెద్ద సైజుకెళ్లకుండా వేరే మోడల్ చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే ఎస్, ఎం, ఎల్ అక్షరాలను నమ్మకండి. తుంటి, నడుం, తొడ కొలతలు సెంటీమీటర్లలో తీసుకుని ఆ కంపెనీ పట్టికతో పోల్చండి. యూరప్ బ్రాండ్ల ఎం వేరు, మనవాళ్ల ఎం వేరు.

నడుం దగ్గర ఎలాస్టిక్ ఉన్నదా, భుజాల మీద పట్టీలున్న బిబ్‌షార్ట్సా అంటే, 100 కి.మీ. దాటితే బిబ్ తీసుకోమంటాను. ఎలాస్టిక్ పొట్టను నొక్కుతుంది, వంగినప్పుడు కిందికి జారి ప్యాడ్‌ని తన చోటు నుంచి లాగేస్తుంది. బిబ్‌లో ప్యాడ్ కదలదు. ఇబ్బందల్లా బాత్రూముకెళ్లాలంటే జెర్సీ విప్పాల్సి రావడం. ఆడవాళ్లకు ఇది పెద్ద సమస్యే, అందుకే వెనక క్లిప్పు ఊడదీసి దించుకునే రకాలు వస్తున్నాయి. దొరికితే అవే తీసుకోవాలి. ఆడవాళ్లు మగవాళ్ల షార్ట్స్‌తో సర్దుకోవడం మంచిది కాదు. ఆడవాళ్ల ప్యాడ్ వెనక వెడల్పుగా, ముందు పొట్టిగా, మధ్యలో కుట్టు లేకుండా ఉంటుంది. షాపుల్లో మగవాళ్ల మోడళ్లు పది పెట్టి ఆడవాళ్లకు ఒకటీ అరా పెట్టడం నిజంగా అన్యాయం.

బట్ట గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. సుమారు 80 శాతం నైలాన్, 20 శాతం లైక్రా ఉంటే చాలు. లోపల చెయ్యి పెట్టి సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి, చెయ్యి కనిపించకూడదు.

క్రీము దగ్గర చాలామంది తప్పుదారి పడతారు. రాపిడికి వాడే చామోయి క్రీము నీళ్లతో కడిగితే పోతుంది. పెట్రోలియం జెల్లీ పోదు, ప్యాడ్ పైబట్టలో ఇరుక్కుని చెమట బయటికి పోకుండా అడ్డుపడుతుంది. అందుకే రోజూ వాడేందుకు అది పనికిరాదు. క్రీమును ప్యాడ్‌కి పుయ్యడం కంటే గజ్జల్లో, తొడ మడతల్లో చర్మానికి రాయండి. చెంచాడు సరిపోతుంది, 100 కి.మీ. తర్వాత మళ్లీ రాయండి. కుంకుడుగింజంత గడ్డలాంటిది లేస్తే చిదమొద్దు, అది మానేదాకా సైకిల్ ఎక్కొద్దు.

గజ్జల్లో ఎర్రగా గుండ్రంగా దురద మొదలైతే అది తామర కావచ్చు. దీనికి మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే మిశ్రమ క్రీములు కొనకండి. వాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గినట్టుంటుంది, లోపల తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. తర్వాత మొండికేస్తుంది. చర్మం డాక్టరుకి చూపించండి.

షార్ట్స్ మార్చినా నొప్పి తగ్గకపోతే సీటు చూడండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు సరిగ్గా నిటారు కావాలి, పాదం ముందుభాగం పెడితే మోకాలు కొంచెం వంగాలి. సీటు ఎత్తెక్కువైతే తుంటి అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకి ఏ ప్యాడూ తట్టుకోదు. సీటు ముక్కు సమంగా ఉండాలి, లేదా రెండు డిగ్రీలు కిందికి. సీటుకి జెల్ కవరు తొడిగి ఉంటే ఇవాళే తీసేయండి. షార్ట్స్‌లో జెల్ చేసే నష్టమే అదీ చేస్తుంది. పది, పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి కాసేపు నిలబడి తొక్కండి, రక్తం ఆడుతుంది.

కొత్త షార్ట్స్‌తో నేరుగా బ్రెవేకి వెళ్లొద్దు. హైదరాబాదులో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కి.మీ. సోలార్ పైకప్పున్న సైకిల్ ట్రాక్ పరీక్షకు అనువైనది. నీడ ఉంటుంది, అటూ ఇటూ తొక్కి మళ్లీ అక్కడ ఆపిన మీ బండి దగ్గరికే వస్తారు కాబట్టి పాత షార్ట్స్ అందుబాటులో పెట్టుకోవచ్చు. అక్కడ 60, 70 కి.మీ. తొక్కి, ఇంటికొచ్చి అద్దంలో చర్మం చూసుకోండి. రెండు పక్కలా సమంగా ఎర్రబడితే అది బరువు పడ్డ గుర్తు, మర్నాటికి పోతుంది. ఒక గీతలా ఎర్రబడితే అది కుట్టు. ఆ షార్ట్స్ 200కి పనికిరాదు. అక్కడ బాగున్నది కూడా హైవే పక్క గరుకు రోడ్డు మీద ఓసారి తొక్కి చూశాకే ఖాయం చేసుకోండి, ఎందుకంటే ట్రాక్ నున్నగా ఉంటుంది.

ఉతకడం: రైడ్ అయిన రోజే, తిరగేసి, చన్నీళ్లలో, కొంచెం సబ్బుతో. బట్టలకు వాసన, మెత్తదనం ఇచ్చే ద్రవాలు పొయ్యొద్దు, అవి దారం మీద పొరలా పేరుకుని చెమట పీల్చనివ్వవు. మెలిపెట్టి పిండితే ఫోమ్ విరుగుతుంది. తువ్వాల్లో చుట్టి నొక్కి, ప్యాడ్ పైకి వచ్చేలా నీడన ఆరేయండి. ప్యాడ్ ఆరిందనుకుని తడిగా ఉన్నదే వేసుకోవడం తామరకు దారి, మబ్బు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద ఇంకో పూట ఉంచండి.

జీపీఎస్‌కీ చక్రాలకీ వేలకు వేలు పోసి షార్ట్స్ దగ్గర బేరమాడేవాళ్లు ఎక్కువ, ఖర్చు తగ్గించాలంటే జెర్సీలో తగ్గించండి. 200కి ఒక జత చాలు. 400 (గడువు 27 గంటలు), 600 (గడువు 40 గంటలు) చేసే రోజు వస్తే రెండో జత వేరే కంపెనీది కొనండి, ప్యాడ్ ఆకారం వేరుగా ఉన్నది. మధ్యలో ఆగినచోట ఒళ్లు తుడుచుకుని మార్చుకుంటే కుట్లు, అంచులు కొత్త చోట పడతాయి, అప్పటిదాకా నలిగిన చోటుకి విశ్రాంతి దొరుకుతుంది.