వేదిక దిగాక వెంటాడే ఒంటరితనం.. మందు తాగితేనే నిద్ర!

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు. రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాను. ఏడాదిలో ఏడు నెలలు పర్యటనల్లోనే గడుస్తాయి. వేల మంది ముందు వాయించి హోటల్ గదికి రాగానే భరించలేని ఒంటరితనం కమ్ముకుంటోంది. రెండు పెగ్గులు తాగితే గానీ నిద్ర పట్టడం లేదు. ఈమధ్య ఇంటికి ఫోన్ చేయాలని కూడా అనిపించడం లేదు. ఇది జబ్బేనా?

జవాబు: మీరు రాసిన చివరి విషయమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఒంటరితనం దానంతటది జబ్బు కాదు గానీ, అయినవాళ్లతో మాట్లాడాలన్న కోరికే సన్నగిల్లుతోందంటే డిప్రెషన్ మొదలైందేమో పరీక్షించి చూడాలి.

వేదికపై ఉన్నంతసేపూ అడ్రినలిన్ అనే హార్మోన్ ప్రభావంతో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లంతా చురుగ్గా ఉంటుంది. ప్రదర్శన ముగిసినంత మాత్రాన ఆ ఉద్రేకం వెంటనే చల్లారదు. గది తలుపు వేసుకున్నాక కూడా చెవుల్లో హోరు వినిపిస్తూనే ఉంటుంది. మాట్లాడదామంటే ఇంట్లో అందరూ నిద్రపోయి ఉంటారు. అంతమంది చప్పట్లు కొట్టినా, భోజనం చేశావా అని అడిగే మనిషి పక్కన లేని లోటు తీరదు. దీన్ని మీ బలహీనతగా భావించకండి. గాయకుడు షాన్ మెండెస్ 2022లో మానసిక ఆరోగ్యం కోసమే తన ప్రపంచ పర్యటనలో మిగిలిన ప్రదర్శనలను రద్దు చేసుకున్నారు.

మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది గానీ, తెల్లవారుజామున ఆ నిద్రను చెడగొడుతుంది. మర్నాడు దిగులు మరింత పెరుగుతుంది. అయితే రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉంటే ఒక్కసారిగా మానేయకుండా, వైద్యుల పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి. సాయంత్రం తర్వాత కాఫీ, ఎనర్జీ డ్రింకులు వద్దు. ప్రదర్శన అయ్యాక నేరుగా గదికి వెళ్లకుండా, బృందంలో మీకు దగ్గరైన ఒకరితో కూర్చుని తినండి. ఇంటికి చేసే ఫోన్‌ను రాత్రికి వాయిదా వేయకుండా, రోజూ సౌండ్ చెక్‌కు (మైకులు, వాయిద్యాల పరీక్షకు) ముందే చేయండి. మాట్లాడాలని అనిపించని రోజున కూడా రెండు నిమిషాలైనా మాట్లాడండి. వరుస ప్రదర్శనల మధ్య విరామం కావాలని మేనేజర్‌ను అడగడానికి మొహమాటపడకండి. చెవుల్లో హోరు తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యులను కూడా కలవండి.

దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించి ఉంటే పర్యటన ముగిసేదాకా ఆగకుండా మానసిక వైద్యులను సంప్రదించండి. ప్రయాణంలో ఉన్నా వీడియో కాల్ ద్వారా మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం గదిలో ఒంటరిగా ఉండకండి. ఎంత రాత్రయినా సరే, పక్క గదిలోని సహచరుణ్ని లేపి, అతన్ని తోడు తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.