మొదటిసారి 2సీవీ కారు మోడల్ చేస్తున్నాను, ఎక్కడ జాగ్రత్త పడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంతకుముందు రెండు మూడు విమానాల కిట్లు చేశారు. ఇప్పుడు ఫ్రెంచి కంపెనీ సిట్రోయెన్ చేసిన 2సీవీ కారులో చార్లెస్టన్ అనే రెండు రంగుల రకం, 1/24 సైజు (అసలు కారులో ఇరవై నాలుగో వంతు) ప్లాస్టిక్ కిట్ తెచ్చుకున్నారు. కారు చేయడం ఇదే మొదలు. మెరూన్, నలుపు, ఆ రెండు రంగులు ఎలా వేయాలి, ఇంకా ఎక్కడ దెబ్బతింటాం అని అడిగారు.

నేను ఈ కారును రెండుసార్లు చేశాను. మొదటిసారి చెడగొట్టాను. చెడిందని కూడా నాకు తెలియలేదు, ఇంకొకరు చెబితే తెలిసింది.

అప్పట్లో ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లో, టూలూజ్‌లో ఉండేవాళ్లం. మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన దగ్గర పాత 2సీవీ ఒకటి ఉండేది. అక్కడివాళ్లు దాన్ని ‘దోషెవో’ అంటారు, రెండు గుర్రాలని అర్థం. అది ఇంజన్ బలం కాదు, పన్ను వేయడానికి ప్రభుత్వం కట్టిన గుర్రాల లెక్క. నా మోడల్ పూర్తవగానే పట్టుకెళ్లి ఆయనకు చూపించాను. పైన క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శక మెరుపు పూత, మూడుసార్లు వేసి, ముఖం కనబడేలా పాలిష్ చేశాను మరి. ఆయన కళ్లజోడు పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుంది. కానీ బ్యాంకు మేనేజర్ కారులా ఉందే” అన్నారు. తర్వాత గ్యారేజీకి తీసుకెళ్లి, తలుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కమన్నారు. రేకు లోపలికి పోయింది. చెయ్యి తీయగానే టక్కుమని బయటికొచ్చింది, ఖాళీ నూనె డబ్బాలాగా.

ఆ రేకును మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టండి. 1930ల్లో సిట్రోయెన్ కంపెనీని నడిపిన పియేర్ బులాంజే ఈ కారు కోసం పెట్టిన షరతులు పల్లెటూరి రైతును చూసి పెట్టినవి: నలుగురు మనుషులు, 50 కిలోల బంగాళాదుంపలు, గంటకు 60 కిలోమీటర్లు. దున్నిన పొలంలోంచి పోయినా బుట్టలో గుడ్లు పగలకూడదు. మధ్యలో యుద్ధం వచ్చి పడింది. చివరికి 1948లో పారిస్ మోటార్ షోలో బయటపెట్టారు. 375 సీసీ ఇంజన్, 9 హార్స్‌పవర్, గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ లేనే లేదు. రేకు పలచన కాబట్టి, అది వంగిపోకుండా బానెట్ మీద మడతలు నొక్కారు.

ఆ మడతల దగ్గరే మొదట దెబ్బతింటాం. ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, కాస్త దట్టంగా పడితే చాలు, మడతల మధ్య నిండిపోయి బానెట్ సబ్బుబిళ్లలా తయారవుతుంది. దూరం నుంచి పలచగా మూడుసార్లు వేయండి. ఎమరీ పేపర్‌ను మడతల మీద అడ్డంగా ఎప్పుడూ రుద్దొద్దు. ఫోటోలు చూసేటప్పుడు ఏ ఏడాది బండో కూడా గమనించండి. 1960 డిసెంబర్ దాకా బానెట్ మీద సన్నటి మడతలు దగ్గరదగ్గరగా ఉండేవి, ఆ తర్వాత ఐదు పెద్ద మడతలే. 1964 చివరిదాకా ముందు తలుపులు వెనకవైపు కీలు మీద తెరుచుకునేవి. చార్లెస్టన్ వచ్చింది 1980లో. పాత బండి ఫోటో చూసి ఆ కీళ్లు ఇందులో పెట్టారంటే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఇక మందం. 1/24లో ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లు, దాదాపు అంగుళం రేకు. యుద్ధ ట్యాంకుకు సరిపోతుంది. అందుకే మడ్‌గార్డుల అంచులు, తలుపుల కిటికీల అంచులు లోపలివైపు నుంచి బ్లేడుతో ఏటవాలుగా గీకి పలచన చేయండి. బయటినుంచి చూసేవాళ్లకు అంచు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి మొత్తం గీకక్కర్లేదు. విసుగు పని, ఒక సాయంత్రం పూర్తిగా పోతుంది. నా రెండో మోడల్‌కూ మొదటిదానికీ ఉన్న తేడాలో సగం ఈ ఒక్క సాయంత్రమే.

పైకప్పు అసలు కారులో చుట్టి వెనక్కి పెట్టే గుడ్డ. కిట్‌లో అది నున్నటి ప్లాస్టిక్. నేను దానిమీద టిష్యూ పేపర్ ఒక్క పొర తీసుకుని, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురును నీళ్లలో కలిపి అంటించాను. ఆరాక మెరుపు లేని నల్లరంగు. ముడత ఒకటి రెండు పడితే పడనివ్వండి, సరిచేయకండి.

రంగుల సంగతి. ముందు భాగాలన్నీ గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. అచ్చులోంచి ఊడిరావడానికి వాడే నూనె పైన ఉండిపోతుంది. నేను ఆత్రంలో కడగలేదు. మెరూన్ వేసి, టేపు అంటించి, నల్లరంగు కొట్టి, టేపు లాగితే కుడి తలుపు మెరూన్ మొత్తం టేపుతోపాటే వచ్చేసింది. అప్పుడు రాత్రి పదకొండు, మా ఆవిడ నిద్ర లేచి వచ్చి ఏమైందని అడిగింది.

వరస ఇది: మెరూన్ ముందు, రెండు రోజులు ఆరనివ్వాలి. తలుపు మీద వంపు గీతకు మామూలు టేపు తిరగదు, మాస్కింగ్ టేపును రెండు మిల్లీమీటర్ల ముక్కగా కోసి వంచండి. తర్వాత చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది. టేపు అంచు మీద మళ్లీ మెరూనే పలచగా కొట్టండి. సందుల్లోకి పాకేది ఏదైనా ఉంటే ఆ మెరూనే పాకుతుంది, పైన వేసే నలుపు ఇక లోపలికి పోదు. నల్లరంగు ఇంకా కాస్త పచ్చిగా ఉన్నప్పుడే టేపు లాగేయండి. స్ప్రే మాత్రం గాలి లేని రోజు చేయండి. టూలూజ్‌లో ఓతాన్ అని ఆగ్నేయం నుంచి వీచే గాలి ఒకటుంది, మనుషులకు పిచ్చెక్కిస్తుందని వాళ్లే అంటారు. అది వీస్తుండగా బాల్కనీలో రంగు కొట్టి, దుమ్ముతో సహా ఆరబెట్టుకున్నాను. క్లియర్ కోటు ఒక్కటి చాలు.

చక్రాలు అంటించే ముందు కారును బల్లమీద పెట్టి పక్కనుంచి చూడండి. ఈ కారుకు ముందు వెనక చక్రాలకు కలిపి, పక్కల పొడవునా పడుకోబెట్టిన స్ప్రింగులు ఉంటాయి. పెద్దాయన ఖాళీ కారు గ్యారేజీలో వెనకభాగం కాస్త పైకెత్తి, ముక్కు దించి నిలబడేది. నేను మాత్రం స్కేలు పెట్టి సమంగా నిలబెట్టాను, అది తప్పు.

అద్దాలకు సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి తెల్లగా మసకబారిపోతాయి. అదే తెల్ల జిగురు వాడండి. అద్దాలన్నీ చదునువే కాబట్టి, ఒకటి పాడైనా పలచటి పారదర్శక షీటు కోసి వేరేది పెట్టుకోవచ్చు. నేను అలా ముందు తలుపు కిటికీని రెండు ముక్కలుగా కోసి, కింది సగాన్ని బయటికి మడిచి పైకి ఎత్తి పెట్టాను. అసలు కారులో అది అలాగే తెరుచుకుంటుంది. రెండో మోడల్ చూపించినప్పుడు పెద్దాయన రంగు గురించి ఒక్క మాటా అనలేదు. చిటికెన వేలి గోరుతో ఆ కిటికీ ముక్కను మెల్లగా తాకి, తన ఎడమ మోచేయి పట్టుకుని రుద్దుకుంటూ నవ్వారు. గుంతల రోడ్డులో అది ఊడి మోచేతి మీద పడేదట.