పావుగంట పాఠంతో లోతు వస్తుందా?

ప్రశ్న: మా పిల్లలు ఆరు, ఎనిమిది తరగతులు చదువుతున్నారు. బడి, ట్యూషను పోగా రాత్రి భోజనాలయ్యాక పావుగంట తీరిక దొరుకుతుంది. ఆ కాస్త సమయంలో రోజుకొక విషయం చొప్పున సైన్సు, చరిత్ర, సంగీతం చెబుదామని నా ఆలోచన. ఇలా ముక్కలుముక్కలుగా చెబితే ఏదీ ఒంటబట్టదని మావారు అంటున్నారు. మీ సలహా కోరుతున్నాను.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీవారి సందేహం సహేతుకమైనదే. రోజుకొక సంగతి చెప్పి వదిలేస్తే క్విజ్ పోటీలకు పనికొచ్చే సమాచారం పోగవుతుంది గానీ కుతూహలం పెరగదు. అయితే పాఠం చిన్నదైనంత మాత్రాన నష్టం లేదు. పిల్లలు స్వయంగా చూసి తేల్చుకోవలసినది అందులో ఏదో ఒకటి మిగిలి ఉండాలి.

ఆంగ్ల శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1860-61 శీతకాలంలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకోసం వరుసగా ఆరు ఉపన్యాసాలు ఇచ్చారు. ఆరింటికీ ఆధారం ఒక్క కొవ్వొత్తే. ఆయన చూపినవాటిలో ఒకదాన్ని మీరు వంటింట్లోనే చేయవచ్చు. ఫ్యాను ఆపి, కొవ్వొత్తిని కాసేపు వెలగనిచ్చి, మెల్లగా ఊది ఆర్పండి. వత్తి నుంచి తెల్లని పొగ తీగలా పైకి లేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వెంటనే, వత్తికి తగలకుండా కొద్దిగా పైనే ఆ పొగకు అందిస్తే, మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. (అగ్గిపుల్ల మాత్రం మీ చేతిలోనే ఉండాలి.) మైనం ఆవిరై మండుతుందన్న సంగతి అప్పుడే చెప్పేయకుండా, మండేది వత్తా, మైనమా అని అడిగి ఆ పూటకు ఊరుకోండి. మరునాడు మంటకు కాస్త ఎత్తులో చల్లని గాజు గ్లాసును బోర్లించి పట్టుకుంటే లోపల చెమ్మ పడుతుంది. మైనంలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుందని చెప్పేముందు, నిప్పులోంచి నీరెలా వచ్చిందో వాళ్లనే ఊహించనివ్వండి.

చరిత్రకు మీ ఆవకాయ జాడీ చాలు. మిరప అమెరికా ఖండాల మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తరువాతి కాలంలో పోర్చుగీసువారి ద్వారా అది మన దేశానికి వచ్చింది. అలాగైతే 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి కాలంలో కూరల్లో కారం దేనిదని అడగండి. మిరియాల దాకా వచ్చిన పిల్లలు టమాటా, బంగాళాదుంపల సంగతి తామే అడుగుతారు. అవీ ఆ ఖండాలనుంచి వచ్చినవే.

సంగీతానికి హార్మోనియం గానీ ఫోనులో పియానో యాప్ గానీ ఉంటే సరిపోతుంది. రెండు నల్ల మెట్ల జంటకు ఎడమపక్కనున్న తెల్ల మెట్టును షడ్జమంగా (స) తీసుకుని తెల్ల మెట్లనే వరుసగా వాయిస్తే శంకరాభరణ రాగం స్వరాలు పలుకుతాయి. వాటిలో నాలుగోదైన మధ్యమాన్నీ (మ) ఏడోదైన నిషాదాన్నీ (ని) వదిలేసి మళ్లీ వాయించండి, మోహన రాగం వినిపిస్తుంది. రెండు స్వరాలు తీసేస్తే రాగమే మారిపోవడం పిల్లలు తమ చెవులతో వినాలి.

మీ ప్రణాళికలో నేను మార్చమనేది ఒక్కటే. రోజుకొక విషయం కాకుండా వారానికొకటి పెట్టుకోండి, మీవారు కోరే లోతు అలాగే వస్తుంది. పిల్లలు అడిగే ప్రశ్నలను వాళ్లచేతనే ఒక నోటుబుక్కులో రాయించి, తరువాతి వారానికి విషయాన్ని అందులోంచే ఎంచుకోండి.