రోల్ త్రూ ది ఏజెస్ ఆటలో గెలుపు పాచికల అదృష్టమేనా?

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఈ ఆట కొందామనుకుంటున్నారు, అంతా పాచికల మీదే నడుస్తుంది కాబట్టి తెలివికి పని ఉంటుందా అన్నది మీ సందేహం. ఉంటుంది, బోలెడంత. మా ఇంట్లో దీన్ని ఎక్కువగా ఆడేది నేనూ మా చెల్లీ. వేసేది అవే పాచికలైనా ఎక్కువసార్లు గెలిచేది తనే. వైకుంఠపాళిలో లాగా పాచిక ఎంత చెబితే అంతే అన్న ఆట కాదిది.

పాండెమిక్ అనే బోర్డు గేమ్ తయారుచేసిన మ్యాట్ లీకాకే దీన్నీ తయారుచేశాడు. 2010లో జర్మనీలో ఏటా ఉత్తమ బోర్డు గేమ్‌కి ఇచ్చే స్పీల్ దెస్ యారెస్ అవార్డుకు నామినేట్ అయింది. కంచు యుగంలో మూడు నగరాలతో మొదలవుతాం. ఎన్ని నగరాలుంటే అన్ని పాచికలు, ఏడు దాకా పెంచుకోవచ్చు. కానీ ప్రతి టర్న్‌లో ఒక్కో నగరానికి ఒక్కో వంతు తిండి పెట్టాలి, లేకపోతే తగ్గినదానికల్లా ఒక పాయింటు పోతుంది. పాచికల మీద తిండి, కూలీలు, సరుకులు, నాణెం, పుర్రె బొమ్మలుంటాయి. వేశాక నచ్చనివాటిని ఇంకో రెండుసార్లు వేసుకోవచ్చు. పుర్రె పడిన పాచికను మాత్రం మళ్లీ ముట్టుకోకూడదు.

అసలు తెలివంతా సరుకుల దగ్గర ఉంది. ప్రతి టర్న్‌లో మొదటి సరుకు కలప, తర్వాత రాయి, కుండలు, బట్ట, ఈటె మొనలు, ఇదే వరుస. టర్న్‌కి ఒకటి చొప్పున తెచ్చుకుంటే చేతిలో ఉండేది కలపే, దాని విలువ 10కి చేరడానికి నాలుగు టర్న్‌లు పడుతుంది. అదే ఒక్క టర్న్‌లో నాలుగు వస్తే వాటి విలువలు 1, 2, 3, 4 కలిపి అప్పుడే 10 అవుతుంది. ఇరిగేషన్ అనే డెవలప్‌మెంట్ (సరుకులు, నాణేలు ఇచ్చి కొనుక్కునే సౌకర్యం) కొనడానికి సరిగ్గా సరిపోతుంది. అయిదైతే 15, అగ్రికల్చర్ వచ్చేస్తుంది. అందుకే కొన్ని టర్న్‌లు పూర్తిగా సరుకులకే, కొన్ని పూర్తిగా నగరాలు, కట్టడాలు కట్టే కూలీలకే అనుకుని వేయాలి. అన్నీ కొంచెం కొంచెం తెచ్చుకునేవాళ్లు ఎక్కడా తేలరు.

ఒక్కో పుర్రెతో రెండు సరుకులొస్తాయి, ఆశపెట్టేది అదే. ఒక్క పుర్రెకి నష్టమేమీ లేదు. రెండు పడితే కరువు, మీకు రెండు పాయింట్లు పోతాయి. మూడు పడితే మహమ్మారి, కానీ అది తగిలేది అవతలివాళ్లకి, వాళ్లకి మూడు పాయింట్లు పోతాయి. నాలుగైతే దండయాత్ర మళ్లీ మీ మీదే, నాలుగు పాయింట్లు. అయిదైతే తిరుగుబాటు, సరుకులన్నీ పోతాయి.

ఒకసారి చెల్లికి నాలుగు నగరాలున్నాయి. మొదటిసారి వేయగానే రెండు పుర్రెలు, ఒక తిండి, ఒక నాణెం పడ్డాయి. నేనైతే అక్కడితో ఆపేసేవాణ్ణి, ఎందుకంటే నాణెం విలువ 7, సరుకులు 10, మొత్తం 17 చేతికొస్తాయి. తను తిండి పాచికను కదపకుండా నాణెం ఒక్కటే మళ్లీ వేసింది. వేస్తున్నది ఒకటే పాచిక కాబట్టి నాలుగో పుర్రె భయం లేదు. రెండు అవకాశాల్లో మూడోది పడే వీలు 36లో 11. రెండోసారికి పడింది. ఆరు సరుకులతో (ఆరోది మళ్లీ కలపే, రెండు కలపలకి విలువ 3) అదే 17 వచ్చింది, తన రెండు పాయింట్లు మిగిలాయి, మెడిసిన్ కొనుక్కోని నాకు మూడు పోయాయి. ఒక్క రాయి అట్టిపెట్టుకుని మిగతా 15తో అగ్రికల్చర్ కొనేసింది. నగరాలు పెంచాలనుకునేవాళ్లకి అది తొందరగా చేతిలో ఉండాలి, ఆ తర్వాత తిండి టెన్షన్ చాలావరకు తీరిపోతుంది.

ఒకటి రెండు పాయింట్ల ఆకలికి భయపడి కూలీలను వదులుకోకండి. గ్రేట్ వాల్ ముందు కట్టినవాళ్లకి 10 పాయింట్లు, తర్వాత కట్టినవాళ్లకి 5. పైగా దండయాత్ర నుంచి రక్షణ కూడా. అలాంటి కట్టడం ఒక్క టర్న్‌లో పూర్తయ్యేలా ఉంటే నగరాలు ఒకపూట పస్తున్నా లాభమే.

ఆఖరి మాట ఇద్దరి ఆట గురించి. ఎవరైనా అయిదో డెవలప్‌మెంట్ కొనగానే ఆ రౌండ్‌తో ఆట అయిపోతుంది. మీకు నాలుగు ఉన్నప్పుడు, అయిదోది కొనే ముందు అవతలివారి షీటు ఒకసారి చూడండి. వాళ్లు ముందున్నారా, ఒక టర్న్ ఆగి 60 నాణేల ఎంపైర్ కోసం ప్రయత్నించండి. దానికి 8 పాయింట్లు, పైన నగరానికొకటి. మీరే ముందుంటే ఆలోచించకుండా చవకది ఏదో ఒకటి కొనేసి ముగించండి.