రేవెన్ మనుషులను గుర్తుపడుతుందా? మచ్చిక అవుతుందా?

రేవెన్ అంటే మన బొంతకాకేనా, అది మనుషులను గుర్తుపడుతుందా, పెంచుకోవచ్చా అని అడిగారు. అలాస్కాలోని యాంకరేజ్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. చలికాలమంతా ఇక్కడ ఎటు చూసినా ఇవే, కాబట్టి చూసింది చెబుతాను.

బొంతకాకి కాదు, దానికి దగ్గరి చుట్టం. రేవెన్ కిలోకు పైనే తూగుతుంది. రెక్కలు చాపితే నాలుగు అడుగులు ఉంటుంది. ఎగిరేటప్పుడు తోక చూడండి: కాకి తోక విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుంటుంది, దీని తోక మధ్యలో మొనదేలి ఉంటుంది. గొంతు కింద ఈకలు గడ్డంలా వేలాడతాయి. అరుపు బొంగురు. కానీ ఒక్కోసారి నిండు కుండలో నీటిబొట్టు పడినట్టు 'టొక్' మంటుంది. అంత పెద్ద నల్లని పక్షి నోట అంత మెత్తని చప్పుడు వస్తుందని వింటే తప్ప నమ్మలేం.

గుర్తుపట్టడం మాత్రం నిజం. ఆస్ట్రియాలో పరిశోధకులు పెంపుడు రేవెన్‌లతో చేసిన పరీక్ష ఒకటి 2017లో వెలువడింది. పక్షి రొట్టెముక్క ఇస్తే ఒక మనిషి బదులుగా చీజ్ ఇస్తారు. మరొకరు రొట్టె పుచ్చుకొని, చీజ్‌ను దాని ఎదుటే తినేస్తారు. నెల గడిచాక కూడా ఆ పక్షులు మాట తప్పని మనిషితోనే బేరానికి మొగ్గు చూపాయి. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇక్కడ సరుకుల దుకాణాల ముందు దీపస్తంభాల మీద కూర్చొని, ఎవరు ఏ సంచి బండిలో పెడుతున్నారో చూస్తుంటాయి. నేను తోపుడు బండి వదిలి వచ్చేలోగా కోడిమాంసం ప్యాకెట్టు పైపొర చీల్చి ముక్క పట్టుకుపోయింది ఒకటి. పక్కనే ఉన్న కూరగాయల సంచిని తాకలేదు.

నాన్నగారి మొదటి తద్దినం డిసెంబరులో వచ్చింది. ఊరికి వెళ్లలేకపోయాను. ఇక్కడ ఆ నెలలో ఉదయం పది దాటితే గానీ సూర్యుడు కనిపించడు. పిండం, పక్కన రెండు గారెలు పళ్లెంలో పెట్టి, వెనక వరండా గోడ మీద మంచు తుడిచి ఉంచాను. అరగంటకు ఒక రేవెన్ వచ్చింది. వెంటనే ముట్టలేదు. పక్కవాటుగా గెంతుతూ దగ్గరకు రావడం, ఉలిక్కిపడి వెనక్కి ఎగరడం, ఇలా మూడుసార్లు. కొత్త వస్తువంటే వీటికి అంత అనుమానం. చివరికి గారె ముక్కున కరుచుకొని స్ప్రూస్ చెట్టు కిందికి వెళ్లింది. మంచులో గుంట చేసి, అందులో పెట్టి, ముక్కుతో మంచు కప్పి, నాలుగు వైపులా చూసి మళ్లీ అన్నం కోసం వచ్చింది. తిండి దాచుకోవడం దాని స్వభావం. ఇంకొక పక్షి చూస్తోందని తోస్తే చోటు కూడా మార్చేస్తుంది.

ఫోనులో అమ్మ అడిగిన మొదటి మాట: "ముందు ఏది ముట్టింది?" గారె అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాన్నకు గారెలంటే ప్రాణం. నూనెలో వేగినదానిని రేవెన్ వదలదని నాకు తెలుసు. తెలిసినా నాకూ కళ్లు చెమర్చాయి.

ఈ చీకటి నెలల్లోనే ఆగ్నేయ అలాస్కా ఆదివాసులైన త్లింగిత్ ప్రజల కథ బాగా అర్థమవుతుంది. ఒక పెద్దాయన పెట్టెలో దాచిన వెలుగును రేవెన్ ఆయన మనవడిగా పుట్టి, ఏడ్చి సాధించి, లోకానికి విడిచిపెట్టిందంటారు.

పెంచుకోవడం మాటకు వస్తే, అమెరికాలో కుదరదు. 1918 నాటి వలస పక్షుల చట్టం 1972 నుంచి కాకి జాతికీ వర్తిస్తోంది. అనుమతి లేకుండా పట్టినా, ఇంట్లో ఉంచినా నేరమే. లండన్ టవర్ అనే పాత కోటలో రేవెన్‌లను ఆరుకు తగ్గకుండా ఉంచుతారు గాని, వాటిని చూసుకోవడానికే ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉన్నారు. రోజూ తిండి పెట్టి అలవాటు చేయడం కూడా వద్దు, ఆ తిండికి ఎలుగుబంట్లు వస్తాయి. నేను ఏడాదికి ఆ ఒక్కరోజే పెడతాను. చూడాలంటే అక్టోబరు నుంచి మార్చి లోపల రండి. ఆ తరువాత చాలావరకు గూళ్లు కట్టుకోవడానికి ఊరు విడిచి వెళ్లిపోతాయి.