బ్రైస్ నుంచి మోయాబ్ వెళ్లే దారిలో క్యాపిటల్ రీఫ్ దగ్గర ఆగాలా?

తప్పకుండా ఆగండి. బ్రైస్ కాన్యన్ చూసుకుని మోయాబ్ వెళ్తున్నాం, మధ్యలో క్యాపిటల్ రీఫ్‌కి ఒక పూట కేటాయించొచ్చా, రాళ్ల గురించి ఏమీ తెలియనివాళ్లకి బోర్ కొట్టదా అని అడిగారు కదా. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నేను తిరిగిన పార్కుల్లో ఎవరూ చెప్పకుండానే రాళ్ల కథ అర్థమయ్యేది ఇక్కడే.

గ్రాండ్ కాన్యన్‌లో పాత పొరలు దగ్గరగా చూడాలంటే లోయలోకి దిగాలి. ఇక్కడ 7 నుంచి 5 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి ఒత్తిడికి పొరలన్నీ కలిసి వంగిపోయాయి, పడమటి వైపు తూర్పు కంటే 7,000 అడుగులకు పైగా పైకి లేచింది. ఈ మడత పేరు వాటర్‌పాకెట్ ఫోల్డ్, పొడవు దాదాపు 100 మైళ్లు. పొరలు తూర్పుకి వాలి ఉన్నాయి కాబట్టి టోరీ ఊరి నుంచి 24వ నంబరు హైవే మీద తూర్పుకి పోతుంటే కారులో కూర్చునే పాత రాయి నుంచి కొత్త రాయికి వచ్చేస్తారు. మీరు వెళ్లేదీ అటే.

మొదట చిమ్నీ రాక్ దగ్గర చాక్లెట్ రంగు మోయెన్‌కోపి పొర. సుమారు 24 కోట్ల ఏళ్ల నాటి బురద తీరం అది, కొన్ని పలకల మీద నీటి అలల గుర్తులు ఇంకా కనిపిస్తాయి. దానిపైన చిన్లే, అగ్నిపర్వత బూడిద కలిసిన మెత్తటి మట్టి కాబట్టి వాలుగా జారిపోయి ఉంటుంది. ఆ మీద నిట్టనిలువు ఎర్రగోడ, వింగేట్. ఇంకాస్త ముందుకెళ్తే నవాహో ఇసుకరాయి, తెల్లటి గుమ్మటాల్లా. ఒకప్పటి ఎడారి దిబ్బలే అలా గట్టిపడ్డాయి, రాతిలో ఏటవాలు గీతలు చూస్తే ఆనాడు గాలి ఎటు వీచిందో చెప్పొచ్చు. మధ్యలో నల్లటి గుండ్రాళ్లు కనిపిస్తే తికమక పడకండి, పడమటి కొండల మీది లావా అది, వరదలూ బురదా దొర్లించుకొచ్చాయి.

కడప వైపు వాళ్లకి గండికోట గుర్తొస్తుంది, నాకూ వచ్చింది. కానీ అక్కడ పెన్నా కోసింది వంద కోట్ల ఏళ్లు దాటిన క్వార్ట్‌జైట్, అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి, దిమ్మలు దిమ్మలుగా విడిపోతుంది. ఇక్కడి ఇసుకరాయి కొన్నిచోట్ల వేలితో రుద్దితే రాలుతుంది.

టైముంటే గ్రాండ్ వాష్ నడవండి. ఎండిన వాగు, దాదాపు చదును, ఒక వైపుకి 2 మైళ్ల పైచిలుకు. వేసవి మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంటే మాత్రం దిగొద్దు, మీ మీద చినుకు పడకపోయినా ఎగువన పడ్డ వానకే వరద వచ్చేస్తుంది, విజిటర్ సెంటర్‌లో అడిగాకే వెళ్లండి. హైవేకి టికెట్ లేదు, పార్కు లోపలి రోడ్డు సీనిక్ డ్రైవ్‌కి ఉంది. పార్కులో పెట్రోల్ దొరకదు, టోరీలోనే నింపుకోండి.