అమ్మాయికి కోడింగ్ రాక కాదు, పాఠం వరుస తప్పింది

ప్రశ్న: మాది రాయగడ. చీరల దుకాణం ఉంది. అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి విశాఖపట్నంలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్‌లో కనిపించే భాగం, వెనక ఉండే సర్వర్ భాగం రెండూ నేర్పే) కోర్సులో చేరింది. నాలుగు నెలలకే ‘రియాక్ట్ గజిబిజిగా ఉంది, తేలికైన దారి చూసుకుంటాను’ అంటోంది. డిగ్రీలో ఉండగా సరదాకు మా దుకాణానికి ఒడియాలో, తెలుగులో వెబ్‌సైట్ చేసింది. మా తోడల్లుడి కొడుకు ఇదే కోర్సు చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. రియాక్ట్ మంచిదా, వేరేది మంచిదా? ఫీజు రెండో వాయిదా కట్టమంటారా?

జవాబు: ముందు తోడల్లుడి కొడుకును పక్కన పెట్టండి. అమ్మాయి వెనక్కి వచ్చేస్తే బంధువులకు ఏం చెప్పాలన్నదే మీ అసలు బెంగ. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టకండి. రెండు లిపులూ ఫోనులో చెదరకుండా కనిపించేలా ఒంటిచేత్తో సైట్ చేసిన పిల్లను ‘సరదాకు చేసింది’ అని తీసిపారేస్తారా?

ఆమె విసుగులో న్యాయముంది. రియాక్ట్ అంటే బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ అనే భాషతో వెబ్ పేజీలో కనిపించే భాగాన్ని కట్టే సాధనం. దాన్ని ఫేస్‌బుక్ 2013లో బయటపెట్టింది. సందేశాలు, లైకులు, నోటిఫికేషన్లు ఒకే తెరపై క్షణక్షణం మారే చోట దాని అవసరం ఉంది. చీరల ధరలు, ఒక ఆర్డరు ఫారం ఉన్న పేజీకి అంత హంగామా దేనికి? పాఠం మొదలవగానే పిల్లలు టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ఒక ఆదేశం కొడతారు, ఎవరో రాసిన కోడ్ ప్యాకేజీలు గుట్టలుగా దిగుతాయి, ఎర్రక్షరాల్లో హెచ్చరికలు వస్తాయి. అప్పటికి తాము రాసింది ఒక్క వరుస కూడా ఉండదు. భయపడరా మరి!

ఇలాంటి ఫ్రేమ్‌వర్కుల (పేజీ కట్టడానికి ముందే అల్లి ఇచ్చిన కోడ్ చట్రాల) మోజు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. రియాక్ట్ లాంటి పనికే 2010లో వచ్చిన గూగుల్ వారి యాంగ్యులర్‌జేఎస్‌ను 2016లో మొత్తం తిరగరాశారు. పాత కోడ్ కొత్తదానిలో నడవలేదు. 2021 చివరితో గూగుల్ పాతదానికి మద్దతే ఆపేసింది. రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఏళ్ల తరబడి అందరూ వాడిన సాధనాన్ని కూడా 2025 ఫిబ్రవరిలో ఆ బృందమే ఇక వాడవద్దంది. పాత నోట్సుతో బోధించే చోట పిల్లలు ఇంకా దానితోనే కుస్తీ పడుతుంటారు.

అలాగని రియాక్ట్‌ను పూర్తిగా వదిలేయమనను. ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తూనే ఉంది. ముందు ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా జావాస్క్రిప్ట్ గట్టిపడాలి. ఆపైన సర్వర్ భాగం కట్టే జాంగో గానీ లారావెల్ గానీ ఒకటి పట్టుకుని ఆ దుకాణం సైట్‌కే డేటాబేస్ జోడించి, ఆర్డర్లు తీసుకునేలా చేయాలి. పేజీలో కొంత భాగమే మారాల్సిన చోట హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీ చాలు. ఇవన్నీ చేతికొచ్చాక రియాక్ట్ దగ్గరికి తిరిగి వెళ్తే అది ఏ చిక్కు విప్పడానికి పుట్టిందో ఆమెకే తెలుస్తుంది. ఇదే మాటతో నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది అలాగే కుదురుకున్నారు. మీ అమ్మాయికి తొందరేమీ లేదు, తొందరంతా మీదే.

రెండో వాయిదా ఇప్పుడే కట్టకండి. రియాక్ట్‌కు ముందు జావాస్క్రిప్ట్ ఎన్ని వారాలు చెబుతారు, సర్వర్ భాగం ఎవరు చెబుతారు, తర్వాతి బ్యాచ్‌కు మారే వీలుందా అని ఆమెనే ఫోను చేసి అడగనివ్వండి. సూటిగా జవాబిస్తే కట్టండి, నీళ్లు నమిలితే మానేయండి. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో ఫోను మాత్రం మీరు అందుకోకండి.